కానాగంత వీపు రంగు

ఏప్రిల్ 16, గురువారం

నిన్నటి నుంచి వేట నిషేధం. రెండు నెలలు బోట్లన్నీ హార్బరులోనే, నాన్న ఇంట్లోనే. పొద్దున వాకిట్లో వల పరుచుకుని చిరుగులు వెతుకుతున్నాడు. నేను రేపల్లె ఆటో ఎక్కబోతుంటే తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఒరేయ్ శివా. జూన్ పదిహేనున నువ్వూ బోటెక్కుతున్నావు. బోటు సరంగుతో మాట్లాడాను. ఆ పౌడరు డబ్బాల షాపు ఇంక చాలించు."

ఆటోవాడు హారన్ కొట్టాడు, అదే మంచిదయింది.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు.

తెనాలిలో మా ఫ్యాన్సీ షాపుకి కొత్త సరుకు వచ్చింది. ఓనరు రాజారత్నం గారు అట్టపెట్టెలు కోయమన్నారు. ఒకదాంట్లో ఐ షాడో ప్యాలెట్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో పద్దెనిమిది గళ్ళు. పదకొండో గడిలో ఒక రంగు. దాని కింద ఇంగ్లీషులో ఏదో పేరు రాసి ఉంది. చదవలేదు. దాని పేరు నాకు తెలుసు. కానాగంత వీపు.

కానాగంత వల్లోంచి జారి ఇసక మీద పడి ఇంకా కొట్టుకుంటున్నప్పుడు దాని వీపు మీద ఉండే రంగు అది. ఆకుపచ్చ అనుకునేలోగా నీలం అవుతుంది. నీలం అనుకుంటే రెండూ కాదు. చేప చచ్చిన కాసేపటికి ఆ రంగు ఉండదు. చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని అది పోవడం చూసేవాడిని. ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు. ఇన్నేళ్ళకి తెనాలిలో ప్లాస్టిక్ గడిలో కనిపించింది.

టెస్టర్‌లోంచి వేలితో తీసి చేతి మీద రాసుకున్నాను. రైల్లో రేపల్లె దాకా చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూనే ఉన్నాను. ఒక ముసలాయన "చేతికేమైంది బాబూ" అని అడిగాడు. ఏం లేదు తాతా అన్నాను.

ఇదంతా షాపు కోసమే. సరుకు తెలియకుండా ఎలా అమ్మడం.

ఏప్రిల్ 20, సోమవారం

సబ్బుల సంగతి రాయాలి.

తొమ్మిదిలో బడి మానేశాక గుర్తుపెట్టుకుని నేర్చుకున్నది ఏదైనా ఉందంటే ఇవే. గంధం సబ్బు మొదట ఏమీ అనదు, ఒళ్ళు ఆరాక మాట్లాడుతుంది. నిమ్మగడ్డి జెల్ మొహం మీద కొట్టినట్టు వచ్చి వెంటనే పోతుంది. మల్లె వాసనవన్నీ అబద్ధాలు, పూలకొట్టు పక్కన నిలబడితే తెలుస్తుంది. లావెండర్ అనే పువ్వుని నేను చూడలేదు, చూస్తానో లేదో. దాని నురగ మాత్రం చేతిలో పెట్టుకుంటే, ఎప్పుడూ పోని ఊరు ఒకటి అరచేతిలో ఉన్నట్టుంటుంది.

ఈరోజు లావెండర్ సబ్బు ఇంటికి తెచ్చాను. బోరింగు దగ్గర రెండుసార్లు రుద్దుకున్నాను. నురగ మీద ఎండ పడి చిన్న చిన్న రంగులు తిరుగుతుంటే నీళ్ళు పోసుకోబుద్ధి కాలేదు.

నాన్న వల దగ్గర్నుంచి అరిచాడు. "ఎవడ్రా ఊదొత్తులు వెలిగించింది?"

అమ్మ నవ్వింది. "వెలిగించింది నీ కొడుకే. వాడే ఊదొత్తి."

రైల్లో అమ్మ తలుపు దగ్గర చేపల గంప పెట్టుకుని కిందే కూర్చుంటుంది, సీట్లు ఖాళీగా ఉన్నా సరే. పైన కూర్చుంటే పక్కవాళ్ళు జరుగుతారు. నేను రెండు పెట్టెలు అవతల ఎక్కుతాను. అక్కడ గాలి బాగా వస్తుంది.

ఏప్రిల్ 24, శుక్రవారం

రాజారత్నం గారు భోజనం చేసి కుర్చీలో పడుకున్నారు. నేను పైన సరుకు గదిలోకి వెళ్ళాను. అద్దం ఉంది, కిటికీ ఉంది. కుడి కంటికి పదకొండో గడి రంగు వేసుకున్నాను. లోపల లేతగా, చివర ముదురుగా, రెండిటి మధ్య గీత కనపడకుండా బ్రష్‌తో కలిపాను. ఫోన్లో రోజూ వీడియోలు చూస్తున్నాను కాబట్టి చెయ్యి దానంతట అదే పోయింది.

అద్దంలో చూసుకుంటే ఒక పక్క నేను. ఇంకో పక్క ఎవరో. ఆ ఎవరో నా వంక చూస్తున్నట్టే ఉంది, భయం లేకుండా. ఎంతసేపు చూశానో తెలియదు.

కింద నుంచి పిలిచారు. ఎవరో కొనడానికి వచ్చారు. దిగి వెళ్ళి "ఏం కావాలండి" అన్నాను. ఆవిడ నన్ను చూస్తోంది, చెప్పడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది తుడుచుకోలేదని.

బాపట్లలో పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేసే భువనేశ్వరి గారు ఆవిడ. నెలకోసారి సరుకుకి వస్తుంది.

"కన్ను మూయి" అంది. మూశాను. బొటనవేలితో రెప్ప మీద తాకింది. "ఎవరు నేర్పారు?"

"ఫోన్లో చూశానండి."

"రెండోది ఎందుకు వెయ్యలేదు?"

"తేడా తెలియాలి కదండీ."

రాజారత్నం గారు కుర్చీలోంచి "వాడికి పిచ్చండి, పని మాత్రం చేస్తాడు" అన్నారు.

ఆవిడ నవ్వలేదు. వాళ్ళ అసిస్టెంటు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట. అధికమాసం పోగానే మళ్ళీ ముహూర్తాలు, ఒక్క చేత్తో కాదట. "జూన్ ఏడు ఆదివారం బాపట్ల రా. కళ్ళు వేసి చూపించు. బాగుంటే నాతో ఉండు, బాగోలేకపోతే నీ షాపు నీకుంది. ఒకటే షరతు. మొహం నువ్వే తెచ్చుకోవాలి. ఆడమనిషి అయ్యుండాలి, ఎన్నేళ్ళైనా పర్లేదు. నీ మొహం మాత్రం కాదు."

జూన్ ఏడు. బోటు పదిహేను.

మే 1

ఎవరు కూర్చుంటారు?

మే 3, ఆదివారం

చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్ల కదా అని వెన్నెలని అడిగాను. వాళ్ళమ్మ రాఘవమ్మత్త రోకలి పట్టుకుని బయటికొచ్చింది. "మా పిల్ల కళ్ళు నువ్వెందుకు ముట్టుకుంటావురా?" అంది. జవాబు ఉంది. రోకలి ముందు రాలేదు.

మే 6, బుధవారం

స్నానం ఉప్పు. దాని గురించి ఎవరికైనా చెబితే నమ్మరు. రాళ్ళుప్పే. గులాబి రంగు, గులాబి వాసన. పెద్ద ఊళ్ళలో తొట్టిలో నీళ్ళు నింపి ఇది పోసి పడుకుంటారట. అయిదు కిలోల సంచి చినిగిపోతే రాజారత్నం గారు "నువ్వే పట్టుకుపో, అమ్ముడుపోదు" అన్నారు.

మాకు స్నానం తొట్టి ఎక్కడిది. బకెట్లో పోసుకుని కాళ్ళు పెట్టాను. నీళ్ళు మెల్లగా ఎర్రబడ్డాయి. వాసన కాళ్ళ నుంచి పైకి ఎక్కింది. కళ్ళు మూసుకున్నాను. కాళ్ళు ఎవరివో అనిపించింది. మిగిలింది వంటింట్లో స్టీలు క్యానులో పోసి మూత పెట్టాను, చెమ్మ తగలకుండా.

మే 9, శనివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న వాగులో జెల్లలు బాగా పడ్డాయి. వేట లేని రోజుల్లో అమ్మకి అవే ఆధారం. కడిగి, చీరి, తొట్టెలో ఉప్పు వేసి మాగబెట్టింది, తర్వాత ఎండబెట్టి అమ్మడానికి. ఉప్పు చాలలేదు. క్యాను మూత తీసింది.

ఈ పొద్దున నాన్న తొట్టె మూత ఎత్తాడు. మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమే గంగరత్నం. వీటికి పెళ్ళేమన్నా చేస్తున్నావా?"

అమ్మ వెళ్ళి చూసింది. జెల్లలన్నీ గులాబి రంగులో ఉన్నాయి. ఆ వాసన. గులాబీ, దాని కింద చేప, మళ్ళీ దాని పైన గులాబీ.

"పిల్లాడు తెచ్చిన ఉప్పయ్యా. రంగేసి అమ్ముతున్నారేమో, ఈ రోజుల్లో అన్నిటికీ రంగేస్తున్నారు కదా అనుకున్నా."

"ఇదేం ఉప్పురా?" నాన్న నా వైపు తిరిగాడు.

"స్నానం చేసే ఉప్పు నాన్నా."

"ఉప్పుతో స్నానమా. దానికి డబ్బులిచ్చి కొంటారా?" నాన్న నిజంగానే అడిగాడు. "పొద్దున లేచి సముద్రంలో మునిగితే ఊరికే వస్తుంది కదరా."

నవ్వు వచ్చేదే. అమ్మ తొట్టె వంక చూస్తోంది కాబట్టి రాలేదు. చీరడానికే ఆమెకి పొద్దంతా పట్టింది. చేతి వేళ్ళకి ముళ్ళు దిగి ఉన్నాయి.

ఇసకలో గొయ్యి తీసి పాతేశాం. కుక్క వచ్చి వాసన చూసి, మా మొహాలు చూసి వెళ్ళిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఇంకేం తెచ్చావోనని నాన్న నా పెట్టె తెరిచాడు. సబ్బులు, బ్రష్‌లు, ప్యాలెట్.

"షాపు సరుకు" అన్నాను.

"షాపు సరుకు ఇంట్లో ఎందుకుంది?"

జీతంలోంచి కొన్నవని చెప్పలేదు. నాన్న ప్యాలెట్ తెరిచాడు, చాలాసేపు చూశాడు, మూశాడు. విసిరికొడతాడనుకున్నాను. మెల్లగా, ఎలా ఉన్నది అలా పెట్టాడు. విసిరికొడితేనే బాగుండేది.

"పదిహేనో తారీఖు" అన్నాడు.

మే 10

అమ్మ మామూలుగానే ఉంది. అన్నంలో చేప ముక్క నాకే వేసింది.

మే 21, గురువారం

ఈరోజు రైల్లో అమ్మ పెట్టెలోనే ఎక్కాను. నా పెట్టెలో రద్దీగా ఉంది. పెద్ద రద్దీ ఏమీ లేదు. ఎక్కాను, అంతే.

తలుపు దగ్గర ఆమె పక్కన కింద కూర్చున్నాను. రైలు కదిలాక ఆమె అంది.

"ఆ రంగుల డబ్బా చూశాను."

"ఎప్పుడు?"

"నాన్న చూసిన రోజే. మళ్ళీ రెండుసార్లు తీసి చూశాలే. అందులో ఒకటి ఉందిరా. కానాగంత వీపు ఎలా పట్టుకొచ్చి పెట్టారు అందులో?"

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో తప్ప ఎక్కడా లేదు, అమ్మకి చదువు రాదు. పద్దెనిమిది గళ్ళలో అదే గడి.

ఏం చెయ్యాలో తెలియక ఫోన్ తీసి ఒక పెళ్ళికూతురి ఫోటో చూపించాను. నెల నుంచి నేను దాన్నే చూసి నేర్చుకుంటున్నాను. రెప్పల నిండా రంగు, మెరుపు, నల్లటి అంచు. నా ఉద్దేశంలో అంతకన్నా గొప్ప కన్ను లేదు.

అమ్మ ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. "ఎందుకింత చచ్చిపోయిందిరా కన్ను?"

"అదేంటి, ఎంత బాగుంది."

"చుట్టూ బాగుంది. కన్ను లోపలికి పోయింది. ఇది గంపలో ఉంటే నేను కొనను."

ముప్పై ఏళ్ళుగా కన్ను చూసి చేప కొంటున్న మనిషి. మొప్ప ఎత్తడం తర్వాత, ముందు కన్నే. గంపలోంచి ఒక చేప తీసి చూపించింది. "ఇది పొద్దుటిది. కన్ను ఎలా ఉంది? తడిగా, ఉబ్బెత్తుగా. నడిమిన వెలుగుంది. చుట్టూ వలయం శుభ్రంగా ఉంది." కింద నుంచి ఇంకోటి తీసింది. "ఇది నిన్నటిది. అంచంతా మబ్బు. ఆ పిల్లకి మీరు మబ్బు పూశారు."

రెండు చేపలూ నా ఒళ్ళో ఉన్నాయి. నేను వాటి కళ్ళలోకి చూస్తున్నాను. పుట్టిన దగ్గర్నుంచి వీటి మధ్యే ఉన్నాను. ఒక్కసారి కూడా చూడలేదు.

మే 22

నడిమిన వెలుగు. అంచు శుభ్రం. రంగు తక్కువ. రాత్రంతా అదే కల.

మే 28, గురువారం

నా కంటి మీదే పదిసార్లు వేసి తుడిచాను. రెప్ప నడుమ ఏమీ వెయ్యకుండా వదిలి, పక్కల మాత్రం కానాగంత రంగు చాలా పల్చగా అద్దాను. కన్ను ముందుకు వచ్చింది. అద్దంలో వెనక్కి జరిగాను.

కానీ మొహం లేదు. ఇంకా పది రోజులే.

సాయంత్రం అమ్మకి అంతా చెప్పాను. జూన్ ఏడు, బాపట్ల, షరతు, రాఘవమ్మత్త రోకలి. అమ్మ గంప కడుగుతోంది.

"ఎన్నేళ్ళైనా పర్లేదందా ఆవిడ?"

"అంది."

"నా మొహం పనికొస్తుందా?"

నేను ఆమె వంకే చూస్తున్నాను. అసలు అమ్మ మొహం ఎప్పుడైనా చూశానా. ఎండకి నల్లబడి, కళ్ళ చుట్టూ గీతలు. ఆ గీతల మధ్య కళ్ళు. పొద్దుటి చేప కళ్ళలా.

"ముందు ఈ వాసన సంగతి చూడు" అంది. "పెద్దవాళ్ళ ఇల్లు. అక్కడ కింద కూర్చుంటే నువ్వు కళ్ళెలా వేస్తావు?"

జూన్ 4, గురువారం

వారం నుంచి అమ్మకి స్నానాలు. గంధం, నిమ్మగడ్డి, లావెండర్. చేతులకి కాఫీ గింజల స్క్రబ్. అమ్మ మొదటి రోజు నురగ చూసి "ఇంతా నాలోంచే వచ్చిందా" అంది. రెండోరోజు ఎంతకీ బయటికి రాలేదు. నాన్న తడిక అవతల నుంచి "లోపలే కాపరం పెట్టావా" అన్నాడు.

ఎందుకు ఈ స్నానాలన్నీ అని నాన్న అడగలేదు. షాపు వాళ్ళు వాడి చూడమన్నారని అమ్మే ముందుగా చెప్పేసింది. ఆ అబద్ధం నాది. ఆమె నోట్లో వింటే ఎలాగో ఉంది.

చేతులు వాసన చూశాను. ముందు లావెండర్ వస్తుంది. కాసేపు ఆగితే చేప. పోదు. అమ్మ కూడా చూసుకుంది. "పోదులేరా" అంది. "నీకెలా ఉంది?"

"నాకు బాగుంది" అన్నాను. నిజమే చెప్పాను.

జూన్ 7, ఆదివారం

బాపట్ల నుంచి రైల్లో రాస్తున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుంది. సీట్లో.

భువనేశ్వరి గారి ముందు గదిలో పెద్ద అద్దం, చుట్టూ బల్బులు. అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. తర్వాత కుర్చీ అంచు మీద కూర్చుంది. నాకు గంటసేపు పట్టింది. పక్కల కానాగంత రంగు, నడుమ ఏమీ లేదు, అంచున సన్నటి కాటుక. ఆవిడ వెనకాల నిలబడి చూస్తోంది.

అయిపోయాక అంది. "ఇప్పుడు ఏడవాలి పిన్నీ."

అమ్మ నన్ను చూసింది.

"పెళ్ళికూతురు అప్పగింతల్లో ఏడవకుండా ఉంటుందా? ముందు హోమం పొగ, తర్వాత ఏడుపు. వీటికి నిలబడకపోతే ఎంత బాగున్నా నాకొద్దు. ఉల్లిపాయ కోయనా?"

"కొయ్యండి" అంది అమ్మ. ఆవిడ కోసింది. కంటి ముందు పెట్టింది. అమ్మ రెప్ప ఆర్పలేదు. ఇంకోటి కోసింది. అమ్మ రోజూ పొయ్యి ముందు కూర్చునే మనిషి. ఆవిడ పొగ కూడా పెట్టింది, ఒక గిన్నెలో కొబ్బరి పీచు వెలిగించి. నాకూ భువనేశ్వరి గారికీ కళ్ళు మండిపోయాయి. అమ్మ మామూలుగా కూర్చుంది.

ఏడవలేదని పని పోతుందేమో అనుకున్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని అమ్మకి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తింది. ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గర.

అమ్మ వెనక్కి జరిగింది. "కాస్త ఎడంగా కూర్చోండమ్మా. ఎంత రుద్దినా వాసనొస్తుంది నా దగ్గర."

ఆవిడ ఇంకాస్త దగ్గరికి జరిగింది. తన చేతులు రెండూ అమ్మ ముక్కు దగ్గర పెట్టింది. "చూడండి. పొద్దున్నే రెండు కిలోల రొయ్యలు ఒలిచాను, మా ఆయనకి పచ్చడి కావాలట. ఇవే చేతులతో మీ అబ్బాయి బ్రష్‌లన్నీ ముట్టుకున్నాను. మీరే నన్ను దూరంగా కూర్చోమనాలి."

అమ్మ వాసన చూసింది. బేరమాడే మొహం పెట్టింది. "నిన్నటి రొయ్యలమ్మా ఇవి. మిమ్మల్ని మోసం చేశారు."

ఆవిడకి ఒక క్షణం పట్టింది. తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. ముందుకు వంగి, కడుపు పట్టుకుని, ఆపుకోలేక. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. బుగ్గల మీంచి మెడ దాకా. నేను వాటి వెంటే చూస్తున్నాను, రంగు దిగుతుందేమోనని.

దిగలేదు. నీళ్ళు తెల్లగానే వచ్చాయి. తడిసిన రెప్ప మీద ఆ రంగు ఇంకా లేచింది, ఆకుపచ్చ, నీలం, రెండూ కానిది. ఇసక మీద కొట్టుకుంటున్నప్పటి రంగు. ఇది మాత్రం పోవడం లేదు.

భువనేశ్వరి గారు వేలితో అమ్మ కంటి కింద తుడిచి, వేలు వెలుతురులో చూసుకుంది. శుభ్రంగా ఉంది.

"అధికమాసం పోగానే వచ్చెయ్" అంది నాతో. "మేడం అనకు. అక్కా అను."

ఇప్పుడు అమ్మ పక్కన ఒకావిడ ఒరిగి నిద్రపోతోంది, తల అమ్మ భుజం మీద. అమ్మ కదలడం లేదు. పొన్నూరు దాటాం. నాన్నకి ఎలా చెప్పాలో తెలియదు.

జూన్ 8, సోమవారం

నిన్న ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. కడుక్కోమన్నాను. అమ్మ వినలేదు. "మీ నాన్న చూడాలి" అంది.

నాన్న వాకిట్లో వల మడుస్తున్నాడు. అమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది. నాన్న తల ఎత్తాడు. వల చేతిలోంచి జారింది. లేచి వచ్చి, అమ్మ గడ్డం పట్టుకుని మొహం పడమటి వెలుగు వైపు తిప్పాడు. ఒక కన్ను చూశాడు. ఇంకో కన్ను చూశాడు.

"ఏంటయ్యా, మొప్పలు కూడా ఎత్తి చూస్తావా?" అంది అమ్మ.

"అక్కర్లేదు" అన్నాడు నాన్న. "ఎవరు చేశారు?"

"నీ కొడుకు. బాపట్లలో పని ఇచ్చారు వాడికి. పెళ్ళికూతుళ్ళకి కళ్ళు వెయ్యడం."

"షాపు కోసమా?" అని నన్ను అడిగాడు.

"కాదు నాన్నా. నాకోసం."

నాన్న మళ్ళీ కూర్చుని వల మడిచాడు. కానీ మడిచిందే మడుస్తున్నాడు, చూపు అమ్మ వైపే.

జూన్ 11

వాన. జెల్లలు పాతిన చోట ఇసకలోంచి గులాబి వాసన లేచింది, చేప వాసనతో కలిసి. అమ్మా నేనూ చూరు కింద నిలబడి పీల్చాం. అలాంటి సెంటు మా షాపులో లేదు.

బోటు సంగతి నాన్న ఇంకా తేల్చలేదు.

జూన్ 14, ఆదివారం

మధ్యాహ్నం నాన్న నా బట్టల సంచి అడిగాడు. బోటుకే అనుకున్నాను. తెచ్చి ఇచ్చాను. అందులో ఉన్న నా చొక్కాలు తీసి మంచం మీద పెట్టి, తన లుంగీలు సర్దుకున్నాడు.

"నా సంచి చినిగింది" అన్నాడు. "నీకిది అక్కర్లేదుగా. నీ చోటులో మన వీధి కిరీటిని ఎక్కించుకోమని సరంగుకి చెప్పాను. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మాత్రం వల పనికి రావాలి."

"వస్తాను నాన్నా."

"మళ్ళీ ఆ ఉప్పు ఇంటికి తేవద్దు."

జూన్ 15, సోమవారం

తెల్లవారుతుండగా బోట్లు వెళ్ళిపోయాయి. అమ్మా నేనూ చివరి బోటు చుక్కయ్యేదాకా ఒడ్డునే ఉన్నాం.

ఇంటికొచ్చి బాపట్ల వెళ్ళడానికి పెట్టె సర్దుకున్నాను. ప్యాలెట్ ఉంది. బ్రష్‌లు ఉన్నాయి. లావెండర్ సబ్బు లేదు. అమ్మని అడిగాను.

"నాకేం తెలుసు" అంది, అటు తిరిగి.

బోటు మీద పది మంది ఉంటారు. ఇంకో రెండు రోజులకి ఎక్కడో నడిసముద్రంలో ఎవరో ఒకరు అడుగుతారు, ఎవడ్రా ఊదొత్తులు వెలిగించింది అని.